దాణా సాఫ్ట్‌వేర్ కంపెనీని మేం అమ్మిన సంగతి

మా కంపెనీని కొన్నవాళ్లకు మా సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువు.

ఇప్పుడు ప్రగతి నగర్‌లో మా ఇంటికి అప్పుడప్పుడూ కుర్రవాళ్లు వస్తుంటారు. కొత్తగా కంపెనీ పెట్టినవాళ్లు, పెట్టబోయేవాళ్లు. కాఫీ చేతికి అందకముందే అమ్మకం గురించి అడుగుతారు. ఎవరు కొన్నారు, ఎలా ఒప్పించారు, ఎంత వచ్చింది? ఎంత వచ్చిందన్నది పెద్ద కథ కాదు. తొంభైల చివర హైదరాబాద్‌లో కంపెనీ నడపడం ఎలా ఉండేది, అమ్మడం ఎలా జరిగింది అన్నవే వాళ్లకు పనికొస్తాయి. ప్రతిసారీ నోటితో చెప్పే బదులు ఒకసారి రాసిపెడుతున్నాను.

దాణా లెక్క

నేను చదివింది గణాంకశాస్త్రం. ఒక ప్రభుత్వరంగ సంస్థ కంప్యూటర్ విభాగంలో చాలా ఏళ్లు ప్రోగ్రాములు రాశాను. జీతాలు, సరుకు నిల్వలు, విడిభాగాలు. పని బాగానే ఉండేది. కానీ నేను రాసినదాన్ని వాడేవాళ్ల ముఖం ఎప్పుడూ చూడలేదు.

రాజిరెడ్డి గారు పశువైద్యుడు. సర్కారు కొలువు మానేసి, కోళ్లకు మందులూ విటమిన్లూ అమ్మే కంపెనీ తరఫున నగరం చుట్టూ ఉన్న ఫారాలు, దాణా మిల్లులు తిరిగేవారు. అందరూ డాక్టర్ సాబ్ అనేవారు. మా ఆయన పనిచేసే బ్యాంకులో ఆయనకు ఖాతా ఉండేది. ఆ పరిచయంతో ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు.

"మేడం, ఒక ముచ్చట అడుగుత. కోడికి దినాం ఇంత మాంసకృత్తులు, ఇంత సున్నం, ఇంత శక్తి కావాలె. మక్కలు, సోయాచెక్క, తవుడు, చేపపొడి కలిపి దాణా చేస్తరు. వీటి ధరలు రోజుకోతీరు ఉంటయ్. ఇయ్యాల మక్కల ధర పెరిగితే దేన్ని తగ్గించాలె, దేన్ని పెంచాలె? మిల్లుల ఒకాయన క్యాలిక్యులేటర్ వట్టుకొని పొద్దుందాక కూసుంటడు. మీ కంప్యూటర్ చెప్తదా?"

చెబుతుంది. నేను కాలేజీలో చదివిన లెక్కే అది. కొన్ని వారాల్లో ప్రోగ్రాం రాసి, ఫలితం కాగితం మీద తీసి గర్వంగా ఆయన చేతిలో పెట్టాను. కోడికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ఖర్చు ఇంతకంటే తగ్గించడం కుదరదు.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, ఒక చోట ఆగారు.

"పత్తిచెక్క ఇంతగనం వెట్టిందేంది?"

"అది అన్నిటికంటే చవక కదండీ."

"చవకనే. కోడి తింటది గూడ. కానీ ఆ గుడ్డును కొన్ని దినాలు నిల్వ వెట్టినంక పగలగొడితే సొన రంగు మారి ఆకుపచ్చగ కనవడతది. కొన్నామె మళ్ల ఆ దుకాణం దిక్కు చూడదు."

కంప్యూటర్ అడిగినదానికే జవాబు చెప్పింది. సొన రంగు గురించి దాన్ని ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి ఒక్కొక్క సరుకుకూ ఒక హద్దు పెట్టడం మొదలుపెట్టాం. ఇది ఇంతకు మించొద్దు, అది ఇంతకంటే తగ్గొద్దు, చేపపొడి ఎక్కువైతే గుడ్డుకు నీచువాసన వస్తుంది, ఎండల్లో ఈ పాళ్లు మార్చాలి. ప్రోగ్రాంలో నేను రాసిన గణితం ఎవరైనా రాయగలిగిందే. ఆ హద్దులు మాత్రం డాక్టర్ గారు ఏళ్ల తరబడి ఫారాలు తిరిగి సంపాదించినవి.

కంపెనీ పెట్టాలనుకునేవాళ్లకు నా మొదటి సలహా ఇక్కడే ఉంది. మీలాంటి ప్రోగ్రామర్‌నే భాగస్వామిగా తెచ్చుకోకండి. మీరు రాసే ప్రోగ్రాం ఎవరి పనికి పనికొస్తుందో, ఆ పనిలో తల పండినవాళ్లను వెతుక్కోండి.

ఎవరొస్తరు?

డాక్టర్ గారితో కలిసి కంపెనీ పెట్టి, నేను ఉద్యోగం మానేశాను. ఇల్లు మా ఆయన జీతంతో గడిచేది. కంపెనీ కథలు చెప్పేవాళ్లు ఈ మాట దాటేస్తుంటారు. ఇంట్లో నెలనెలా జీతం తెచ్చే మనిషి ఒకరు లేకపోతే మా కంపెనీ మొదటి ఏడాదే మూతపడేది.

మా మొదటి ఖాతాదారు షాద్‌నగర్ దగ్గర మిల్లు ఉన్న నర్సింహ సేట్. ఆయనకు చూపించడానికి బరువైన కంప్యూటర్‌ను కారు వెనక సీట్లో దుప్పట్లు చుట్టి తీసుకెళ్లాం. మిల్లంతా పిండి దుమ్ము. కరెంటు వస్తూ పోతూ ఉంది. నేను ప్రోగ్రాం తెరిచి, ఏ మీట నొక్కితే ఏమొస్తుందో వివరిస్తున్నాను. సేట్ తెర వైపు చూడనే లేదు. డాక్టర్ గారి వైపు తిరిగి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఇది ఖరాబైతే ఎవరొస్తరు?"

"నేనొస్త."

"అయితే వెట్టుండ్రి."

అంతే, అమ్మకం అయిపోయింది. నేను రాసి తెచ్చుకున్న ప్రసంగం సంచిలోనే ఉండిపోయింది. దారిలో నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. ఇంత పని చేసిన ప్రోగ్రాంను చూడకుండానే కొన్నాడే అని. తర్వాత తర్వాత అది మామూలేనని తెలిసింది. కొనేవాడు ప్రోగ్రాం మంచిచెడ్డలు తేల్చుకోలేడు. మనిషి మంచిచెడ్డలు తేల్చుకోగలడు. అందుకే మనిషిని చూసి కొంటాడు.

ఆ సేట్ కొన్నాళ్లకు మా ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీని తన బావమరిదికి ఇచ్చేశాడు. ఆయన మిల్లులో కూడా మా ప్రోగ్రాం నడుస్తోందని తెలిసి నేను మండిపడ్డాను. కాపీ చేయకుండా తాళాలు వేయాలి, సంకేతాలు పెట్టాలి అని కూర్చున్నాను. డాక్టర్ గారు నవ్వారు.

"ఫికర్ చేయకుండ్రి మేడం. ఫ్లాపీ వోయింది. నేను వోలేదు గద."

ఆయన అన్నట్టే అయింది. వానాకాలంలో కొత్త సరుకులు మార్కెట్లోకి వచ్చాయి, హద్దులు మార్చాల్సి వచ్చింది. బావమరిది తనంతట తానే ఫోన్ చేసి మా ఖాతాదారు అయ్యాడు. అప్పటినుంచి మేం ప్రోగ్రాంను అమ్మడం తగ్గించి, ఏడాది పొడవునా దాన్ని చూసుకునే పనిని అమ్మడం మొదలుపెట్టాం. ప్రింటర్ రిబ్బన్ చిక్కుకుంటే మాకే ఫోన్. కంప్యూటర్‌లో ఎలుక దూరితే మాకే ఫోన్. అది మా పని కాదని ఎవరైనా అంటే డాక్టర్ గారు ఒప్పుకునేవారు కారు. ఎలుక కోసం వెళ్లినప్పుడే కదా దాణా గురించి ఇంకో మాట తెలిసేది అనేవారు.

కొత్తగూడ మేడ మీద

మా ఆఫీసు కొత్తగూడలో ఒక ఇంటి పైఅంతస్తు. కిరాయి తక్కువ. ఇప్పుడు వంతెన మీంచి కార్లు దూసుకుపోయే చోట అప్పుడు బస్సు కోసం ఎదురుచూస్తుంటే మేకలు వచ్చి సంచి లాగేవి. కిటికీలోంచి చూస్తే బండరాళ్లు, తుమ్మ చెట్లు. వాటి వెనకాల గుండ్రటి పెద్ద భవనం లేస్తోంది. అందులోకి ఎవరు వస్తారో, ఎందుకు వస్తారో మా వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు.

మా దగ్గర చేరినవాళ్లలో శ్రీలత గురించి చెప్పాలి. పుప్పాలగూడ అమ్మాయి. అప్పటికి అది ఊరే. తండ్రి మల్లయ్య తాపీ మేస్త్రీ, ఆ గుండ్రటి భవనంలోనే పని. ఈమె మోపెడ్ మీద వచ్చేది. ఉద్యోగానికి వచ్చిన రోజు నేను ఒక చిన్న సమస్య ఇచ్చి ప్రోగ్రాం రాయమన్నాను. మిగతావాళ్లు వెంటనే రాయడం మొదలుపెట్టారు. ఈమె పెన్ను పక్కన పెట్టింది.

"మేడం, ఇది ఎవరు వాడతరు?"

"ఎవరు వాడితే ఏం?"

"మిల్లులోళ్లు వాడితే తెలుగుల రావాలె గద. ఇంగ్లీషుల అడిగితే ఏది నొక్కాల్నో ఎట్ల తెలుస్తది?"

అప్పటికి మా ప్రోగ్రాం అంతా ఇంగ్లీషులోనే ఉంది. దాన్ని తెలుగులోకి మార్చే పని ఆమెకే అప్పగించాం. అది చేసిన తర్వాత మిల్లుల నుంచి వచ్చే ఫోన్లు బాగా తగ్గాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నగరంలో ఇంజనీర్లకు గిరాకీ పెరిగింది. కారణం ఇప్పటి పిల్లలకు కాస్త వివరించాలి. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసేవాళ్లం. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది అని. ఆ తర్వాత సున్నా సున్నా వస్తే కంప్యూటర్లు దాన్ని వంద ఏళ్ల కిందటి సంవత్సరం అనుకుంటాయని ప్రపంచమంతా భయం. బ్యాంకులు, బీమా కంపెనీలు తమ పాత ప్రోగ్రాములన్నీ వెతికి సరిచేయించుకోవాలి. దానికి మనుషులు కావాలి, త్వరగా కావాలి. అమీర్‌పేటలో వీధివీధికీ శిక్షణ బోర్డులు వెలిశాయి. మా ఆఫీసులో తరచూ ఎవరో ఒకరికి వీడ్కోలు టీ ఇవ్వడం మామూలైపోయింది. వెళ్లేవాళ్లను నేను తప్పు పట్టలేదు. మేమిచ్చే జీతం అక్కడి జీతంలో సగం కూడా కాదు. కానీ ఒక్కొక్కరు వెళ్లినప్పుడల్లా ఖాతాదారులకు ఇచ్చిన మాట మిగిలినవాళ్ల నెత్తిన పడేది. ఆఖరికి నా నెత్తిన.

నేను అలసిపోయాను. కంపెనీ నడిపేవాళ్లు ఈ మాట కూడా పైకి అనరు. పని వల్ల వచ్చిన అలసట కాదది. నెలాఖరు ఎలా దాటుతుందోనన్న ఆలోచన భోజనం దగ్గర కూడా వదలకపోవడం వల్ల వచ్చింది.

మూర్తి గారు

అలాంటప్పుడు ఒక పెద్ద కంపెనీ నుంచి కబురొచ్చింది. వాళ్లు ఆ గుండ్రటి భవనంలో చోటు తీసుకుని లోపల గదులు కట్టించుకుంటున్నారు. మాట్లాడింది మూర్తి గారు. గోదావరి జిల్లాల మనిషి, నిదానస్తుడు. నన్ను కూర్చోబెట్టి, స్వయంగా మంచినీళ్లు తెచ్చి ఇచ్చి మొదలుపెట్టారు.

"వసుంధర గారూ, చుట్టూ తిప్పి మాట్లాడటం నాకు చేతకాదండి. మీ దాణా సాఫ్ట్‌వేర్ చూశామండి. బాగుంది. కానీ అది మాకు వద్దండి. మాకు మీ పిల్లలు కావాలి."

"పిల్లలా?"

"మీ ఇంజనీర్లండి. అమెరికాలో క్లయింటు మనుషుల్ని చూపించమంటున్నాడు. మేం ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూలు చేసి, ఒక్కొక్కళ్లని తీసుకునేసరికి పుణ్యకాలం గడిచిపోద్ది. మీ దగ్గర కలిసి పనిచేసే జట్టు తయారుగా ఉంది. అందుకని కంపెనీ మొత్తం తీసుకుంటామండి."

షరతులు కూడా అంత సూటిగానే చెప్పారు. ఇంజనీర్లు రెండేళ్లు ఉండాలి. కొందరు తప్పకుండా రావాలి. ఆ కొందరిలో మొదటి పేరు శ్రీలతది. నేను మేనేజర్‌గా ఏడాది ఉండాలి. దాణా వ్యాపారం మూసేయాలి.

నిజం చెప్పాలంటే నాకు బాధ కలగలేదు. ఊపిరి పీల్చుకున్నట్టయింది. బస్సు దిగి ఇంటికి నడిచేలోపే మనసులో సగం ఒప్పేసుకున్నాను.

మర్నాడు డాక్టర్ గారికి చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టారు.

"అమ్ముండ్రి మేడం. అద్దు అనను. మీ పరేషాన్ నాకెర్కలేదా? కానీ దుకాణం బంద్ వెట్టుడు ఏంది? ఖరాబైతే నేనొస్త అని చెప్పి మిల్లు మిల్లుకు వెట్టించిన. ఇగ రాను అని ఏ మొఖంతోని చెప్పాలె?"

ఆయన గొంతు పెంచలేదు. కానీ నాకు దారి మూసుకుపోయినట్టు అనిపించింది. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. వాళ్లకు అక్కర్లేనిది డాక్టర్ గారికి కావాలి. అయితే దాన్ని ఆయనకే వదిలేయమని అడిగితే?

మూర్తి గారి దగ్గరికి వెళ్లి పెద్ద బేరానికి సిద్ధమై కూర్చున్నాను. ప్రోగ్రాం, దాని హక్కులు, ఖాతాదారులు, అన్నీ డాక్టర్ గారికి వదిలేయాలన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు.

"అంతేనా అండి? తీసుకెళ్లండి. మా లాయరు గారికి పని తగ్గుద్ది."

మేం ఏళ్ల తరబడి చేసిన పని ఆయనకు లాయరు తలనొప్పి. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తర్వాత ఆలోచిస్తే అందులో ఆయన తప్పేమీ కనిపించలేదు. మన వస్తువు విలువ కొనేవాడి అవసరంలో ఉంటుంది కానీ మన కష్టంలో ఉండదు. కంపెనీ అమ్మేటప్పుడు ఇది ఎంత త్వరగా అర్థమైతే అంత మంచిది. ఎదుటివాడు దేనికి విలువ కట్టడం లేదో తెలుసుకుంటే, దాన్ని తేలిగ్గా వెనక్కి తెచ్చుకోవచ్చు.

అడగకుండానే

అన్నీ కుదిరాక ఆఫీసులో అందరికీ చెబుదామనుకున్నాను. అంతకంటే ముందే వార్త చేరిపోయింది. మల్లయ్య మేస్త్రీ ఆ కంపెనీ గదులకే గోడలు కడుతున్నాడు. అక్కడి సూపర్‌వైజర్ ఆయనతో, మీ బిడ్డ ఆఫీసు మొత్తం ఇక్కడికే వస్తుందట, జాబితాలో మొదటి పేరు ఆమెదేనట అన్నాడు.

మర్నాడు పొద్దున శ్రీలత నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, మమ్ముల అడగకనే అమ్మిన్రా?"

గదిలో టైపు చేస్తున్న చప్పుళ్లన్నీ ఆగిపోయాయి.

"ఇంకా ఏ సంతకమూ కాలేదు శ్రీలతా."

"సంతకం కాలే. మరి మా పేర్లెట్ల వోయినయ్ మేడం?"

అందరినీ కుర్చీలు లాక్కోమని చెప్పి, మొదటినుంచీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరు కొంటున్నారు, ఎందుకు కొంటున్నారు, ఏం పని చేయాలి, జీతాలెలా ఉంటాయి, దాణా వ్యాపారం ఏమవుతుంది. విని చాలామంది సంతోషించారు. పెద్ద కంపెనీ పేరు, విదేశం వెళ్లే అవకాశం. ఒకతను మిఠాయి తెస్తానని కిందికి దిగాడు కూడా. అందరూ లేచాక శ్రీలత ఒక్కతే కూర్చుండిపోయింది.

"నేను రాను మేడం. డాక్టర్ సార్‌తోని ఈడనే ఉంట."

ఆమె రాకపోతే ఒప్పందం ఆగిపోవచ్చు. ఆగితే మిగతా అందరి అవకాశం పోతుంది, నా ఊరటా పోతుంది. ఆమెతో ఆ మాట అనలేదు కానీ, ఆ రోజంతా నా మనసులో అదే.

రెండు మూడు రోజులకు మల్లయ్య మేస్త్రీ తెల్ల చొక్కా వేసుకుని ఆఫీసుకు వచ్చాడు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడం, జర మీరన్న చెప్పుండ్రి. ఆ బిల్డింగుల నేను గోడలు గట్టిన. అండ్ల నా బిడ్డ కూసోని కొలువు చేస్తే ఎంత మంచిగుంటది! వద్దంటదేంది?"

శ్రీలతను పిలిచాను. ఆమె తండ్రి పక్కనే నిలబడి మెల్లగా చెప్పింది.

"నాయినా, ఆడ చేసే పని సంవత్సరాలు సరిచేసుడు. రెండంకెలు నాలుగు చేసుడు. అది అయిపోయినంక మమ్ముల ఏం చేస్తరో ఎవ్వరికి తెల్వది. ఈడ నేను రాసింది మిల్లుల నడుస్తది. రేపు గూడ నడుస్తది."

"మరి జీతం?"

"డాక్టర్ సార్ ఇస్తనన్నడు. జర తక్కువనే."

మేస్త్రీ నా వైపు తిరిగాడు. "మీరు చదువుకున్నోళ్లు. మీరేమంటరు మేడం?"

ఒక్క మాట చాలు. అక్కడ మంచి భవిష్యత్తు ఉందని అంటే ఆ తండ్రి బిడ్డను పంపించేవాడు. ఆమె కూడా తండ్రి మాట కాదనేది కాదేమో. మూర్తి గారి ఒప్పందం నా బల్ల సొరుగులో ఉంది. అయినా తెలిసిందే చెప్పాను.

"ఆమె చెప్పింది నిజమే మేస్త్రీ. ఆ పని ఎప్పటిదాకా ఉంటుందో నాకూ తెలియదు."

ఆయన తల ఊపి, బిడ్డ భుజం మీద చెయ్యి వేసి, "సరే తియ్" అని వెళ్లిపోయాడు. బిడ్డ వెళ్లనందుకు ఆయనకు బాధగానే ఉందని నడకలో తెలిసింది.

నేను మళ్లీ మూర్తి గారి దగ్గరికి వెళ్లాను. విషయం చెప్పగానే ఆయన ముఖం మారింది.

"క్లయింటుకు ఆవిడ పేరు పంపేశామండి. ఇప్పుడేం చెప్పమంటారు?"

"ఆమె బదులు నా పేరు రాసుకోండి."

"మీరు మేనేజ్‌మెంటు కదండీ!"

"మూర్తి గారూ, ఆ పాత ప్రోగ్రాముల భాషలోనే నేను ఇన్నేళ్లూ జీతాల లెక్కలు రాశాను. సంవత్సరానికి రెండంకెలు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. వాటిని వెతకడం ఈ పిల్లలకంటే నాకే బాగా తెలుసు."

ఆయన నవ్వేశారు. మేనేజర్‌గా ఏడాదికి బదులు ప్రోగ్రామర్‌గా రెండేళ్లు ఉంటానని సంతకం పెట్టాను. అమ్మకం పూర్తయింది.

గుండ్రటి భవనంలో

సొంత కంపెనీ నడిపిన మనిషి మళ్లీ వరసలో ఒక బల్ల ముందు కూర్చోవడం ఎలా ఉంటుందని చాలామంది అడిగారు. మొదటి వారం కష్టంగా ఉంది. తర్వాత హాయిగా ఉంది. ఏసీ చల్లగా ఉండేది. నెలాఖరు ఇంకొకరి తలనొప్పి.

మా బృంద నాయకుడు అనిల్, నా వయసులో సగం. నన్ను మేడం అనేవాడు కానీ పనిలో ఏ మినహాయింపూ ఇవ్వలేదు. అది నాకు నచ్చింది. మాది ఒక బీమా కంపెనీ పని. ఒకరోజు పాత ప్రోగ్రాంలో సంవత్సరం వెతుకుతుంటే ఇంకొక తప్పు కనిపించింది. వాయిదా లెక్క ఒకచోట వంకరగా ఉంది. సరిచేద్దామని అనిల్‌ను అడిగాను.

"వద్దు మేడం. మనకు చెప్పింది సంవత్సరం ఒక్కటే. మిగతాది ముట్టుకుంటే బాధ్యత మనదవుతుంది. వాళ్లకు రాసి పంపిద్దాం. వాళ్లిష్టం."

రాసి పంపాం. వాళ్లు వద్దన్నారు. ఆ రోజు చిరాకుపడ్డాను. దాణా లెక్కలో అలాంటి తప్పు కనిపించి ఉంటే నేను అన్నం తినకముందే సరిచేసేదాన్ని. కానీ అనిల్ చేసిందే సరైనది. సొంత సరుకు అమ్మేవాడికి కనిపించిన ప్రతి తప్పూ తనదే. కూలికి పనిచేసేవాడికి ఒప్పుకున్న పనే హద్దు. రెండూ గౌరవమైన వృత్తులే. మీకు ఏది సరిపడుతుందో ముందుగా తెలుసుకోండి. నాకు తెలుసుకోవడానికి రెండేళ్లు పట్టింది.

కొత్త సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. మా పని విజయమంటే అదే, ఏమీ జరగకపోవడం. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు. కొన్ని వారాల్లో ప్రాజెక్టు ముగిసింది. మా జట్టులో కొందరికి వేరే పని దొరికింది. కొందరిని ఖాళీగా కూర్చోబెట్టారు. ఇంకొందరిని వెళ్లిపొమ్మన్నారు.

మూర్తి గారు ఆ చెడు కబురును ఉత్తరాలతో పంపలేదు. ఒక్కొక్కరినీ తన గదికి పిలిచి, ఎదురుగా కూర్చుని చెప్పారు. ఒక కుర్రవాడు ఏడుస్తుంటే తలుపు మూసి, వాడు తేరుకునేదాకా బయటికి పంపలేదు. నా ఉద్యోగ జీవితంలో చూసిన అధికారుల్లో ఆయనకు పెద్ద చోటిస్తాను. ఎన్ని మంచి మాటలు చెప్పారని కాదు, చెడ్డ మాట తనే చెప్పారని.

తర్వాత

నా గడువు తీరాక కొన్నాళ్లు ఇంట్లో ఉన్నాను. అది నాకు పడలేదు. ఒకరోజు డాక్టర్ గారికి ఫోన్ చేసి, పనేమైనా ఉందా అని అడిగాను.

"నన్నడుగుడెందుకు మేడం? శ్రీలతనడుగుండ్రి. ఆఫీసంత గామెనే చూస్తది. నేను మిల్లులు తిరుగుడే."

కొత్తగూడ మేడ మెట్లెక్కి వెళ్లాను. ఖాతాదారులు పెరిగారు. దాణాతో పాటు గుడ్ల లెక్క, కోళ్ల మందుల లెక్క కూడా వచ్చి చేరాయి. కొత్త పిల్లలు ఇద్దరు ముగ్గురు పనిచేస్తున్నారు. నేను కనిపించగానే శ్రీలత కుర్చీలోంచి లేచి, దాన్ని నా వైపు జరిపింది. నేను ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను.

"నీ దగ్గర ఉద్యోగానికి వచ్చాను శ్రీలతా."

ఆమె నవ్వలేదు.

"మీరొస్తే నాకు మస్తు సంతోషం మేడం. కానీ ఒక మాట ముందే చెప్పాలె. మీరు రాసిన పాత ప్రోగ్రాం మొత్తం తీసేస్తున్న. ఇప్పటి మిల్లులకు అది సాల్తలేదు. మొదటికెల్లి కొత్తగ రాస్తున్న. మీరొచ్చింది దాన్ని కాపాడెతందుకైతే వద్దు. బాధైతదా?"

అయింది. కంపెనీ అమ్మిన రోజు కలగని బాధ అప్పుడు కలిగింది.

"ముందు నువ్వు రాసింది చూపించు," అన్నాను.

కుర్చీ ఆమె పక్కకు లాక్కుని కూర్చున్నాను. ఆమె ఒక్కొక్క భాగమే తెరిచి వివరిస్తూ పోయింది. ఒకచోట వాదించాను, అక్కడ ఆమె ఒప్పుకుంది. మరోచోట వాదించి నేను ఒప్పుకున్నాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచేసరికి నా పాత లెక్క ఎందుకు పోవాలో పూర్తిగా అర్థమైంది. సాయంత్రం దాన్ని కంప్యూటర్‌లోంచి నా చేత్తోనే తీసేశాను. రేపు ఎన్ని గంటలకు రావాలని శ్రీలతను అడిగి, బస్సుకు బయల్దేరాను.